వంటింటికో లెక్కుంది!

ఇల్లు కట్టేటప్పుడు అందరికన్నా ఆఖర్న గుర్తొచ్చేది వంటిల్లే. కట్టాక రోజూ అందరికన్నా ముందు తెరుచుకునేదీ అదే. గట్టు ఎంతెత్తుండాలి, బియ్యం ఎక్కడ పెట్టాలి, గ్యాస్ బండ ఎటుండాలి... గోడలు లేవకముందే తేల్చుకోవాల్సిన సంగతులెన్నో!

హాల్లో టీవీ ఏ గోడకి రావాలో ఆర్నెల్ల ముందే తేలిపోతుంది. పడగ్గదికి ఏ రంగు బాగుంటుందన్నదానిపై నెలరోజులు చర్చ నడుస్తుంది. పూజగది అంగుళం కూడా అటూ ఇటూ కాకుండా కుదురుతుంది. అన్నీ అయ్యాక మిగిలిన చోటు వంటింటికి! అందులో ఓ నల్లరాతి గట్టు, మూల ఓ సింకు, పైన ఓ అటక. 'ఇంకేం కావాలి?' అంటాడు మేస్త్రీ. నిజమే కాబోలనుకుంటారు ఇంటివాళ్లు. గృహప్రవేశం రోజు పాలు పొంగించేదాకా అంతా బాగానే ఉంటుంది. మర్నాడు మొదటిసారి వంట మొదలెట్టాక కానీ అసలు సంగతి తెలీదు. మిక్సీ పెట్టిన చోట ప్లగ్గు లేదు. ప్లగ్గు ఉన్నచోట సింకు ఉంది. పై అరలో పెట్టిన డబ్బా అందాలంటే స్టూలెక్కాలి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలంటే గుమ్మంలోంచి మనిషి పక్కకి తప్పుకోవాలి.

ఇవన్నీ చిన్న విషయాలే కదా అనిపించొచ్చు. కానీ, జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా జరిపిన సర్వే ఏం చెప్పిందో తెలుసా... ఇంటిపనులు చేసే మహిళలు వాటిమీద రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే దాదాపు అయిదు గంటలు! మగవాళ్లలో ఇంటిపనులు చేసేవారే 26 శాతం. వారు వెచ్చించే సమయం 97 నిమిషాలు. ఆ అయిదు గంటల్లో పెద్ద వాటా వంటిల్లే తీసుకుంటుంది. అంత సమయం గడిపే చోట గట్టు రెండంగుళాలు ఎక్కువైనా తక్కువైనా ఆ భారం ఇరవయ్యేళ్లపాటు మోసేది ఓ మనిషి నడుమే. అందుకే వంటింటి నక్షాని అందంతో కాదు, లెక్కతో మొదలుపెట్టాలి.

రైలు పెట్టెలోంచి వచ్చిన ఆలోచన

వంటింటిని ఓ పనిచోటుగా చూసి, అడుగులు లెక్కపెట్టి, గడియారం పట్టుకుని తీర్చిదిద్దాలన్న ఆలోచన వందేళ్ల కిందటిది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఇళ్ల కొరత విపరీతంగా ఉండేది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మిక కుటుంబాల కోసం వేల సంఖ్యలో చిన్న ఇళ్లు కట్టించే బాధ్యత ఎర్న్‌స్ట్ మే అనే ఆర్కిటెక్టుది. ఆయన బృందంలో పనిచేస్తున్న మార్గరెట్ లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా యువతి 1926లో ఆ ఇళ్ల కోసం ఓ వంటగదిని రూపొందించింది. అదే 'ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్'. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే 70 చదరపు అడుగులు! రైల్లో ప్రయాణికులకి భోజనం వండే పెట్టెలో అంత ఇరుకులోనూ అన్నీ చేతికందేలా ఎలా అమరుస్తారో చూసి ఆమె ఆ సూత్రాన్ని ఇంటికి తెచ్చింది. పప్పులూ బియ్యమూ పోసుకునేందుకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు, కూర్చుని కూరలు తరుక్కోవడానికి తిరిగే స్టూలు... ఇలా ప్రతిదానికీ ఓ చోటు కేటాయించింది. అలాంటి వంటగదులు దాదాపు పదివేలు కట్టారు. ఈరోజు మనం గొప్పగా చెప్పుకునే మాడ్యులర్ కిచెన్‌కి తాతమ్మ అదే.

అయితే అందులోనూ ఓ లోపముంది. ఆ గదిలో ఒక్కరే పనిచేయగలరు. ఇద్దరు నిలబడితే మెసలడం కష్టం. పిల్లలు ఏం చేస్తున్నారో చూడాలన్నా వీలయ్యేది కాదు. పని సులువైంది కానీ, చేసే మనిషి ఒంటరిదైపోయింది. ఈ విమర్శ ఆ తర్వాత గట్టిగానే వినిపించింది. మన ఫ్లాట్లలో ఓ మూలకి విసిరేసినట్టుండే వంటిళ్లకీ ఆ మాట వర్తిస్తుంది.

మన దగ్గరా ప్రయోగాలు జరక్కపోలేదు. 1953 నాటికే హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి.రాజు పొగలేని పొయ్యిని రూపొందించారు. ఎవరికివారు మట్టితో కట్టుకోగలిగే పొయ్యి అది. పొగని గొట్టం ద్వారా కప్పు మీదకి పంపేస్తుంది. 'లక్షలాది వంటిళ్లలో పొగ ఉండకూడదు' అన్నది ఆయన తపన. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి స్థానంలోకి గ్యాస్‌ని తెచ్చాయి. పొయ్యి నేలమీంచి గట్టెక్కింది. పీటమీద కూర్చుని వండే మనిషి లేచి నిలబడింది. కానీ, ఆ నిలబడే మనిషి ఎత్తెంత, చెయ్యి ఎంతదాకా అందుతుంది అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ కొలవలేదు.

నక్షాకి ముందు నోట్‌బుక్కు

కొత్త వంటింటి గురించి ఆలోచించే ముందు ఇప్పుడున్న వంటింట్లో ఓ వారం రోజులు చిన్న పరిశీలన చేయాలి. ఓ నోట్‌బుక్కు గట్టు పక్కనే పెట్టుకుని, వండేటప్పుడు ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆ సంగతి రాసుకోవాలి. 'పోపు మాడుతుంటే మూత కోసం వెతికాను.' 'అన్నం వార్చడానికి సింకుదాకా వేడిగిన్నె పట్టుకుని నాలుగడుగులు నడిచాను.' 'కుక్కరు బయటికి తీయడానికి ఆరు గిన్నెలు పక్కకి దించాను.' ఇలాంటివి వారానికి ఇరవయ్యో ముప్ఫయ్యో పోగవుతాయి. కొత్త వంటిల్లు తీర్చాల్సిన సమస్యల జాబితా అదే. దాని ముందు ఏ కేటలాగూ పనికిరాదు.

దాంతోపాటు ఇంకొన్ని ప్రశ్నలకీ జవాబులు రాసుకోవాలి. ఇంట్లో వండేది ఒక్కరా, ఇద్దరా? వాళ్ల ఎత్తులెంత? వారానికి ఎన్నిసార్లు ఇడ్లీ దోసెల పిండి రుబ్బుతారు? ఏడాది కారం, చింతపండు, ఆవకాయ ఒకేసారి చేసి నిల్వ పెడతారా, లేక నెలనెలా కొంటారా? పండక్కి ఎంతమంది చుట్టాలొస్తారు? అంట్లు ఎవరు తోముతారు, ఎక్కడ తోముతారు? ఊళ్లో ఉన్న అత్తగారో అమ్మో ఏడాదిలో ఎన్ని నెలలు వచ్చి ఉంటారు? ఇద్దరే ఉండే ఉద్యోగస్తుల ఇంటికీ, ఆరుగురున్న ఉమ్మడి కుటుంబానికీ ఒకే వంటిల్లు సరిపోదు కదా!

మూడు చోట్లు, ఒక త్రికోణం

వంట చేసేవాళ్లు ఎక్కువగా తిరిగేది మూడు చోట్ల మధ్యే: సరుకులుండే ఫ్రిజ్, కడిగే సింకు, వండే పొయ్యి. ఈ మూడింటినీ గీతలతో కలిపితే ఓ త్రికోణం వస్తుంది. అమెరికాలోని ఇల్లినాయీ విశ్వవిద్యాలయం 1940లలో ఈ 'వర్క్ ట్రయాంగిల్' సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఒక్కో భుజం నాలుగడుగులకి తగ్గకుండా, తొమ్మిదడుగులు మించకుండా ఉండాలి. మూడూ కలిపితే 26 అడుగులు దాటకూడదు. అంతకన్నా దూరమైతే నడిచి నడిచి కాళ్లు పీకుతాయి. మరీ దగ్గరైతే కడిగిన గిన్నె పెట్టుకోవడానికీ చోటుండదు.

మన వంటకి ఈ త్రికోణం ఒక్కటే చాలదు. కూర ఎలా తయారవుతుందో ఓసారి తలచుకోండి. ఫ్రిజ్‌లోంచి వంకాయలు తీస్తాం, సింకులో కడుగుతాం, తరుగుతాం, పొయ్యి మీద వేస్తాం, దించి మూతపెడతాం. గట్టు కూడా అదే వరసలో ఉండాలి. సింకుకీ పొయ్యికీ మధ్య కనీసం రెండున్నర, మూడడుగుల ఖాళీ గట్టు అవసరం. తరగడం, కలపడం, పిండి పిసకడం అన్నీ జరిగేది అక్కడే. ఆ చోటుని మిక్సీతోనో ఓవెన్‌తోనో నింపేస్తే ఎంత పెద్ద వంటిల్లయినా ఇరుకే. పొయ్యికి రెండోవైపూ ఒకటిన్నర అడుగుల చోటుంటే వేడిగిన్నె దించుకోవచ్చు. ఫ్రిజ్ పక్కన కూడా కాస్త గట్టుంటే పాల ప్యాకెట్లు, కూరల సంచి పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇక ఆకారం. సన్నటి గదైతే ఒకే గోడకి గట్టు, లేదంటే ఎదురెదురుగా రెండు గట్లు. చదరంగా ఉంటే 'ఎల్' ఆకారం మేలు. కాస్త పెద్దదైతే 'యు'. గట్టు వెడల్పు రెండడుగులు చాలు. ఎదురెదురు గట్ల మధ్య నడిచే చోటు మాత్రం మూడున్నర అడుగులకి తగ్గకూడదు. ఇద్దరు వండే ఇల్లయితే నాలుగడుగులు ఉండాల్సిందే. ఒకరు వంగి కింది సొరుగు తీస్తుంటే మరొకరు సాంబారు గిన్నెతో వెనకనుంచి వెళ్లగలగాలి మరి!

మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం విడిగా భోజనాల గది ఉంటే వంటగది కనీసం 5 చదరపు మీటర్లు (సుమారు 54 చదరపు అడుగులు) ఉండాలి. వెడల్పు 1.8 మీటర్లకి తగ్గకూడదు. అక్కడే భోజనం కూడా చేసేట్లయితే 7.5 చదరపు మీటర్లు కావాలి. బయటికి తెరుచుకునే కిటికీ కనీసం ఒక చదరపు మీటరుండాలి. ఫ్లాట్ కొనేటప్పుడు బ్రోచర్లో ఈ అంకెల్ని వెతుక్కోవాలి.

వాస్తు ప్రకారం ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పుముఖంగా పొయ్యి ఉండాలనుకునేవారే మనలో ఎక్కువ. ఆ పట్టింపు ఉన్నవాళ్లు మొదట్లోనే ఆర్కిటెక్టుకి చెప్పేయడం మంచిది. ఇల్లు కట్టాక మార్చబోతే కిటికీ మూసేయాల్సి రావొచ్చు, నీళ్ల గొట్టం గది మధ్యలోంచి పోవాల్సి రావొచ్చు. పొయ్యి తూర్పు గోడకి వస్తే కిటికీ సరిగ్గా దాని వెనక కాకుండా పక్కకి ఉండాలి. లేకపోతే గాలికి మంట ఆరిపోయి గ్యాస్ బయటికొచ్చే ప్రమాదముంది. కర్టెన్ అంటుకునే ప్రమాదమూ ఉంది.

గట్టు ఎత్తు... మోచేతిని అడగండి

'గట్టు ఎంతెత్తు పెట్టమంటారు?' అని మేస్త్రీ అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు 'మామూలుగా అందరికీ ఎంత పెడతారో అంతే'. కానీ మామూలు మనిషంటూ ఎవరూ ఉండరు. చెప్పుల్లేకుండా నిటారుగా నిలబడి మోచేతిని మడిచి, నేలనుంచి మోచేతిదాకా కొలవాలి. అందులోంచి నాలుగు నుంచి ఆరంగుళాలు తీసేస్తే వచ్చేదే గట్టు ఎత్తు. అయిదడుగులున్న ఆమెకి మోచేయి సుమారు 38 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కాబట్టి గట్టు 32-34 అంగుళాలుంటే చాలు. అయిదడుగుల ఆరంగుళాలున్న ఆమెకైతే 36 దాకా కావాలి. ఎత్తు తక్కువైతే నడుం వంగిపోతుంది. ఎక్కువైతే భుజాలు పైకెగసి మెడ నొప్పి పుడుతుంది. అత్తాకోడళ్ల ఎత్తుల్లో తేడా ఉంటే? ఎక్కువ సమయం వండేవారి కొలత తీసుకుని, రెండోవారి కోసం ఓ చిన్న బల్లని తక్కువ ఎత్తులో పెట్టుకోవచ్చు.

ఇందులోనూ మెలికలున్నాయి. చపాతీ ఒత్తాలంటే పైనుంచి బరువు పడాలి కాబట్టి గట్టు కాస్త కిందకుండాలి. పొయ్యి మీద గిన్నె పెడితే దాని అంచు గట్టుకన్నా పదీ పన్నెండంగుళాలు పైకొస్తుంది. పొట్టిగా ఉండేవాళ్లకి లోపల కూర ఎలా ఉడుకుతుందో కనపడదు. అందుకే పొయ్యి ఉండేచోట గట్టుని మూడు నాలుగంగుళాలు దించుకోవడం మంచి పద్ధతి. సింకు సంగతి దీనికి రివర్సు. చేతులు పనిచేసేది సింకు అడుగున. కాబట్టి లోతు ఎక్కువైన కొద్దీ వంగాల్సి వస్తుంది. ఎనిమిదంగుళాల లోతు చాలు. ఫొటోల్లో బాగుంటాయని రెండు గిన్నెల సింకు పెట్టించుకుంటుంటారు. రెంటిలోనూ అయిదు లీటర్ల కుక్కరు ఇమడదు. దానికన్నా వెడల్పాటి ఒకే సింకు మన గుండిగలకీ మూకుళ్లకీ మేలు.

వీటితోపాటు కూర్చునే చోటూ మర్చిపోకూడదు. చిక్కుళ్లు వలవాలి, బియ్యంలో రాళ్లేరాలి, ఆకుకూర బాగుచేయాలి. ఒకప్పుడు ఇవన్నీ పీటమీద కూర్చునే చేసేవారు. ఇప్పుడు నిలబడి చేస్తున్నారు! గట్టుకి ఓ చివర కింద అల్మారా పెట్టకుండా ఖాళీ వదిలితే అక్కడ స్టూలు వేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అంతకన్నా పెద్ద వరం లేదు.

సామాను సర్దడం ఓ శాస్త్రం

వంటింట్లో చోటు సరిపోవడం లేదనేవాళ్లలో చాలామందికి నిజానికి చోటుంటుంది. కాకపోతే అది చేతికందదు. రెండడుగుల లోతున్న అరలో వెనక పెట్టిన డబ్బా ఏడాదికోసారి సంక్రాంతి శుభ్రాలకే బయటపడుతుంది. కాబట్టి మొదటి సూత్రం... రోజూ వాడేవి మోకాలికీ కళ్లకీ మధ్య. వారానికోసారి వాడేవి మోకాళ్ల కింద. పండగలకి తీసేవి అటక మీద. అయిదడుగుల మనిషి చెయ్యెత్తితే అందేది దాదాపు ఆరడుగులు. గట్టుపైన అల్మారాలో మూడు అరలుంటే ఆమెకి సులువుగా అందేవి మొదటి రెండే. మూడోది కొలతలో ఉంటుంది తప్ప వాడకంలో ఉండదు.

గట్టు కింద తలుపుల అల్మారాలకన్నా పూర్తిగా బయటికి వచ్చే సొరుగులు మేలు. వంగి వెతక్కుండా పైనుంచి చూస్తే అన్నీ కనపడతాయి. ఖర్చు ఎక్కువనుకుంటే పొయ్యి కింద మూడు సొరుగులు పెట్టించుకున్నా చాలు. పైదాంట్లో గరిటెలు, పట్టకారు, అట్లకాడ. రెండోదాంట్లో పోపుల డబ్బా, ఉప్పు, కారం, పసుపు. కిందిదాంట్లో బాణలి, పెనం, కుక్కరు. పొయ్యి ముందునుంచి కదలకుండానే సగం వంటైపోతుంది. పై అల్మారాల లోతు పన్నెండంగుళాలు చాలు, అంతకు మించితే తల తగులుతుంది. గట్టుకీ వాటికీ మధ్య అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం ఉండాలి. బరువైనవి పైన పెట్టకూడదు.

సరుకుల నిల్వకీ ఓ లెక్కుంది. కిలో బియ్యానికి దాదాపు లీటరుంపావు చోటు కావాలి. అంటే 25 కిలోల బస్తాకి 31 లీటర్లు. కాస్త వెలితిగా ఉండాలనుకుంటే 40 లీటర్ల డబ్బా తీసుకోవాలి. నెలకి నాలుగు కిలోల కందిపప్పు వాడే ఇంట్లో కిలో సీసా ఒకటి పొయ్యి దగ్గర, మిగతాది పెద్ద డబ్బాలో. పప్పులూ పిండులూ ఇలా రెండు జట్లుగా ఉంటే పెద్దడబ్బా మాటిమాటికీ తెరవనక్కర్లేదు, పురుగూ త్వరగా పట్టదు. పాత సరుకు మీద కొత్తది పోయకూడదన్నది అమ్మమ్మల కాలంనాటి నియమమే, ఇప్పటికీ పనికొస్తుంది.

మరికొన్నింటికి ప్రత్యేకంగా చోటు చూడాలి. నూనె సీసా పొయ్యి పక్కనే పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. వేడికీ వెలుతురుకీ నూనె త్వరగా కంపు కొడుతుంది. చేతికందేది చిన్న సీసా అయితే చాలు. బంగాళాదుంపలకి వెలుతురు తగిలితే పచ్చగా మారతాయి. ఉల్లిపాయలకి గాలి కావాలి. ఈ రెంటినీ ఒకే బుట్టలో వేస్తే రెండూ త్వరగా పాడవుతాయి. చెరో జల్లెడ బుట్టలో గాలాడే అరలో పెట్టుకోవాలి. ఇక ఆవకాయ! వేసవిలో పట్టింది మళ్లీ వేసవిదాకా ఉండాలంటే జాడీకి తడి తగలకూడదు, ఎండ పడకూడదు. జాడీ బరువైనది కాబట్టి నడుముకి కిందగా, సింకుకి దూరంగా ఓ రాతి అర కేటాయించాలి. ఉప్పూ పులుపూ కలిసినవాటికి ఇత్తడి, అల్యూమినియం పనికిరావు. చింతపండుకీ అదే నియమం.

పాత ఇళ్లలో వంటింటి పక్కనే సామాన్ల గది ఉండేది. ఇప్పుడు గది కుదరకపోయినా నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతుతో ఓ గోడ కేటాయిస్తే నెల సరుకులన్నీ పట్టేస్తాయి. దానికి ఖరీదైన చెక్క అక్కర్లేదు. కడప రాయి అరలు వేయించుకుంటే చెదపట్టదు, తడికి ఉబ్బదు. గట్టుకి చీమకుర్తి గ్రానైట్ లాంటివైతే వేడిగిన్నె దించినా ఏమీ కాదు. పాలరాయి మాత్రం గట్టుకి వద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చలు పోవు.

గ్యాసు, పొగ, కరెంటు

వంటింట్లో అందంకన్నా ముందు చూడాల్సింది ప్రాణం. ఇంట్లో వాడే సిలిండర్లో గ్యాస్ 14.2 కిలోలు. బండతో కలిపితే దాదాపు ముప్ఫై కిలోలు. అంత బరువుని లాగి తీసి మార్చడానికి వీలుగా చోటుండాలి. సిలిండర్ నిలువుగా, పొయ్యికన్నా దిగువన ఉండాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. లీకైతే నేలమీదే పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ని మూసేసిన అల్మారాలో పెడితే ఆ తలుపుకి కింద తప్పనిసరిగా గాలి రంధ్రాలుండాలి, పైనా ఉంటే మంచిది. రెగ్యులేటరు వంగకుండా చేతికందాలి. అయిదేళ్లకోసారి రబ్బరు పైపు మార్చుకోవాలి. ఆ పక్కన స్విచ్చులు ఉండకూడదు. గ్యాస్ వాసనొస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఈ నంబరు అల్మారా తలుపు లోపల రాసి అంటించుకుంటే ఇంకా మంచిది.

మన పోపు ఘాటుకి చిమ్నీ ఉండటం మేలే. పొయ్యికి 24 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. పొగ గొట్టం వీలైనంత పొట్టిగా, వంపుల్లేకుండా నేరుగా బయటికి పోవాలి. గొట్టం లేకుండా వడపోసి గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకాలు వేడినీ ఆవిరినీ బయటికి పంపలేవు. చిమ్నీ ఉందని కిటికీని మర్చిపోకూడదు. లోపలి గాలి పోవాలంటే బయటి గాలి రావాలి కదా!

కరెంటు విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు... ప్లగ్గులు తక్కువ పెట్టించుకోవడం. మిక్సీ, గ్రైండరు, ఓవెన్, నీళ్ల ఫిల్టరు, ఫ్రిజ్, కెటిల్... కనీసం ఆరేడు కావాలి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాన్ని ఆరు ఆంపియర్ల ప్లగ్గులో పెడితే వైరు వేడెక్కుతుంది. గట్టుపైన పదహారు ఆంపియర్ల పాయింట్లు రెండు మూడు వేయించాలి. సింకుకి దగ్గరగా ఏదీ ఉండకూడదు. ఇక లైటు గది మధ్యలో ఒక్కటే ఉంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కత్తిమీదే పడుతుంది. పై అల్మారా కింద ఓ చిన్న లైటు పట్టీ పెడితే ఆ బాధ తప్పుతుంది.

ఈ వంటిల్లు ఎవరిది?

వంటిల్లంటే ఒక్కరి సొంతం అన్నట్టుగా కట్టిన రోజులు పోవాలి. పై అరలన్నీ ఒకరి చేతికే అందేలా, ఏ డబ్బాలో ఏముందో ఒకరికే తెలిసేలా ఉంటే ఆ ఒక్కరూ వంటింటి కుందేలు కాక మరేమవుతారు? ఆమెకి జ్వరమొస్తే ఇల్లంతా ఆకలితో పడుకోవాల్సిందే. డబ్బాల మీద పేర్లు రాసి, కాఫీపొడి, పంచదార, పాలగిన్నె ఒకే చోట ఉంచితే కాఫీ కలపడానికి ఎవరికీ సాకు ఉండదు. పిల్లల పళ్లేలూ గ్లాసులూ కింది సొరుగులో పెడితే వాళ్లకి వాళ్లే తీసుకుంటారు. కత్తులూ అగ్గిపెట్టెలూ మాత్రం పైన ఉండాలి. గిన్నె కాడలు గట్టు బయటికి రాకుండా లోపలికి తిప్పి పెట్టడం ఇంట్లో అందరికీ అలవాటు చేయాలి.

అంట్లు తోమడానికి వచ్చే పనావిడ గురించి నక్షాలో ఎవరూ ఆలోచించరు. వెనక బాల్కనీలో తోమేచోట మోకాళ్లు మడిచి గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది. అక్కడా నిలబడి తోముకునే ఎత్తులో ఓ గట్టు, ఓ కొళాయి, జారని నేల, ఓ లైటు ఉంటే ఆమె నడుమూ బాగుంటుంది.

ఖర్చెక్కడ, పొదుపెక్కడ?

బడ్జెట్ తక్కువైతే తలుపుల మెరుపు తగ్గించుకోవచ్చు కానీ, కనపడని చోట రాజీ పడకూడదు. సింకు కింద అల్మారాకి ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడితే తడికి తట్టుకుంటుంది. బందులూ సొరుగు పట్టాలూ మంచివి కావాలి. రోజుకి యాభైసార్లు కదిలేవి అవే. మూలల్లో తిరిగే ఖరీదైన అరలకన్నా ఆ చోట ఎప్పుడోగానీ తీయని పెద్ద గిన్నెలు పెట్టుకుంటే సరిపోతుంది. అన్నీ ఒకేసారి చేయించుకోనక్కర్లేదు కూడా. గట్టు, నీళ్ల గొట్టాలు, కరెంటు పాయింట్లు, కిటికీ... ఈ నాలుగూ మొదట్లోనే సరిగ్గా కుదరాలి. అల్మారాలు ఏడాది తర్వాతైనా చేయించుకోవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నా కొంత మార్చుకోవచ్చు. గట్టు ఎత్తు చాలకపోతే తరిగే పలక కింద మందపాటి చెక్క పెట్టుకోవచ్చు. ఎత్తు ఎక్కువైతే నిలబడేచోట జారని వెడల్పాటి పీట వేసుకోవచ్చు. లోతైన అరల్లో పొడవాటి ప్లాస్టిక్ బుట్టలు పెడితే అవే సొరుగులవుతాయి. చక్రాలున్న చిన్న ర్యాకు కూరలకీ ఉల్లిపాయలకీ సామాన్ల గది అవుతుంది.

చివరగా ఓ పరీక్ష. నక్షా చేతికొచ్చాక డాబా మీదో ఖాళీ స్థలంలోనో సుద్దముక్కతో వంటగదిని అసలు కొలతల్లో గీయండి. ఫ్రిజ్ చోట ఓ కుర్చీ, పొయ్యి చోట ఓ పీట, సింకు చోట ఓ బకెట్ పెట్టండి. ఇంట్లో వండేవాళ్లందరినీ పిలిచి, ఒట్టి చేతుల్తోనే ఓ పూట వంట చేయమనండి. పప్పు కడగాలి, కూర తరగాలి, అన్నం వార్చాలి, పిల్లలకి టిఫిన్ డబ్బాలు సర్దాలి. ఎవరు ఎవరికి తగులుతున్నారో, ఎక్కడ చెయ్యి చాలడం లేదో పావుగంటలో తెలిసిపోతుంది. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అన్లేదు. సుద్దగీతని చెరపడానికి తడిగుడ్డ చాలు. గోడ లేచాక చెరపాలంటే సమ్మెట కావాలి!